ఫైర్‌వాల్‌లో ప్రోగ్రాములకు అనుమతులు: ఇంటి కంప్యూటర్‌కు ఏ పద్ధతి నప్పుతుంది?

కొత్త ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసి మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ ఒక్కోసారి తెర మీద చిన్న పెట్టె చూపిస్తుంది. విండోస్ 10లో ఆ పెట్టె, ఈ యాప్‌లోని కొన్ని సదుపాయాలను ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసే ఏర్పాటు) ఆపిందని చెప్పి, ప్రైవేట్ నెట్‌వర్క్, పబ్లిక్ నెట్‌వర్క్ అనే రెండు గడుల్లో కావలసినదానికి టిక్ పెట్టమంటుంది. విండోస్ 11లో ఇటీవలి విడుదలల్లో అదే విషయాన్ని, పబ్లిక్, ప్రైవేట్ నెట్‌వర్కులు ఈ యాప్‌ను చేరడానికి అనుమతిస్తారా అని అడుగుతుంది. రెంటిలోనూ బటన్లు రెండే: ఒకటి అనుమతించేది, మరొకటి క్యాన్సిల్. చేతిలో పని ఆగకూడదన్న తొందరలో చాలామంది మొదటిదాన్ని నొక్కేస్తారు. జాగ్రత్తపరులు రెండోదాన్ని నొక్కి, ఆ ప్రోగ్రాము ఇక ఇంటర్నెట్‌లోకి వెళ్లలేదని నిశ్చింతగా ఉంటారు. ఈ ఇద్దరూ ప్రశ్నను తప్పుగానే చదివారు.

విండోస్ అడుగుతున్నది, ఈ ప్రోగ్రాము బయటికి వెళ్లవచ్చా అని కాదు. నెట్‌వర్క్‌లో ఉన్న మరొక కంప్యూటరో ఫోనో తనంతట తాను వచ్చి ఈ ప్రోగ్రాము తలుపు తడితే తెరవనివ్వాలా అని. ప్రోగ్రాము ఏదైనా ఒక పోర్టు (నెట్‌వర్క్ రాకపోకలకు నంబరు ఉన్న ద్వారం) దగ్గర కూర్చుని బయటివారి పిలుపు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టినప్పుడే ఆ పెట్టె పుడుతుంది. మన ప్రోగ్రాము తానుగా వెళ్లి అడిగినదానికి వచ్చే జవాబు ఈ లెక్కలోకి రాదు, దాన్ని ఫైర్‌వాల్ ప్రశ్నించకుండానే లోపలికి పంపుతుంది. అందుకే వీడియో మీటింగ్ ప్రోగ్రాముకు క్యాన్సిల్ నొక్కినా మీటింగ్ సాధారణంగా నడుస్తూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వచ్చేవారిని ఏ ఫ్లాటుకని అడుగుతాడు గాని, బయటికి వెళ్లేవారిని ఎక్కడికని అడగడు. విండోస్ ఫైర్‌వాల్ ఎవరూ మార్చకుండా ఉన్నంతకాలం అచ్చంగా అలాంటి వాచ్‌మన్.

ఈ తేడాను నాకు తెలిసినంతలో అందరికంటే స్పష్టంగా చూపించినది జోన్‌అలార్మ్ అనే ఫైర్‌వాల్ ప్రోగ్రాము. 1997లో మొదలైన జోన్ ల్యాబ్స్ దాన్ని తయారుచేసింది. 2004లో ఆ సంస్థ చెక్ పాయింట్ చేతికి వెళ్లింది. అందులో ప్రోగ్రాముల పట్టిక ఒకటి ఉండేది. ప్రతి ప్రోగ్రాముకూ ఒక వరుస, ఆ వరుసలో యాక్సెస్ అన్న శీర్షిక కింద రెండు గడులు, సర్వర్ అన్న శీర్షిక కింద మరో రెండు గడులు. ప్రోగ్రాము తానుగా బయటికి వెళ్లడం యాక్సెస్, బయటివారి పిలుపు కోసం కూర్చోవడం సర్వర్. ఒక్కొక్కదానికీ మనం నమ్మే సొంత నెట్‌వర్క్‌కు ఒక గడి, మిగతా ఇంటర్నెట్‌కు ఒక గడి. గడిలో ఆకుపచ్చ టిక్ ఉంటే సరే, ఎర్ర ఇంటూ గుర్తు ఉంటే కుదరదు, నీలి ప్రశ్నార్థకం ఉంటే ప్రతిసారీ అడుగుతుంది. నేను ఆ ప్రోగ్రామును వదిలేసి చాలాకాలమైనా, ఏ ఫైర్‌వాల్ చూసినా ఇప్పటికీ ఆ నాలుగు గడులతోనే కొలుస్తాను: వీటిలో ఎన్నింటిని ఇది నా చేతికి ఇస్తోంది, ఎన్నింటిని నన్ను అడక్కుండా తానే నింపేస్తోంది? ఆ కొలతతో ఇంటి కంప్యూటర్ ముందున్న మార్గాలు నాలుగు రకాలుగా తేలుతాయి.

మొదటిది విండోస్‌తో వచ్చినదాన్ని వచ్చినట్టే వాడుకోవడం. ఇక్కడ సర్వర్ గడులు రెండూ మన చేతిలో ఉంటాయి, యాక్సెస్ గడులు రెండింటిలోనూ టిక్ ముందే పడి ఉంటుంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకే దుష్ట ప్రోగ్రాము), యజమాని ఏమీ నొక్కకుండానే, కేవలం ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి ఉన్న విండోస్ కంప్యూటర్లలోకి దూరింది. మరుసటి ఏడాది ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ అనే పెద్ద అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ను మొదటినుంచే ఆన్‌లో ఉంచసాగింది. అప్పటి ప్రమాదం లోపలికి వచ్చేది కాబట్టి అప్పటి కాపలా కూడా లోపలికి వచ్చేదానికే. దాని తర్వాతి వెర్షన్ విస్టా నుంచి, బయటికి వెళ్లేదాన్ని అదుపు చేసే ఏర్పాటు కూడా అందులో చేరింది గాని, అది నేటికీ, ఎవరైనా రూల్ పెడితే తప్ప, అన్నిటినీ వెళ్లనిస్తుంది.

చాలా ఇళ్లకు ఈ మొదటి మార్గమే చాలునని నా అభిప్రాయం, అయితే నెట్‌వర్క్ రకాన్ని సరిగా ఎంచుకున్నప్పుడే. సొంత ఇంటి వైఫైని ప్రైవేట్‌గానూ, హాస్టల్, లాడ్జి, రైల్వే స్టేషన్, స్నేహితుడి ఫోన్ హాట్‌స్పాట్ వంటివన్నీ పబ్లిక్‌గానూ ఉంచి, పెట్టె వచ్చినప్పుడు ప్రైవేట్ గడికి మాత్రమే టిక్ పెట్టడం అలవాటు చేసుకుంటే, ఒకే వైఫై మీద వందమంది ఉండే హాస్టల్‌లో మీ ఫోల్డర్లు మరొకరికి కనిపించవు. పబ్లిక్ గడికి టిక్ పెట్టవలసిన అవసరం ఇంటి కంప్యూటర్‌కు దాదాపు రాదు. ప్రింటర్ కనిపించడం లేదనో, ఫోన్ నుంచి ఫైలు రావడం లేదనో విసుగెత్తి పబ్లిక్ గడికి టిక్ పెట్టేవారు, ముందుగా తమ ఇంటి వైఫై పొరపాటున పబ్లిక్‌గా నమోదై ఉందేమో చూసుకోవాలి. పదింట ఎనిమిదిసార్లు అసలు కారణం అదే అయి ఉంటుందని నా అనుభవం.

క్యాన్సిల్ బటన్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మా బాబాయి హోల్‌సేల్ దుకాణంలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఖాతాల ప్రోగ్రాము గల్లా దగ్గరి కంప్యూటర్‌లో ఉంటుంది, గోడౌన్‌లోని రెండోది దానికి కనెక్ట్ అవుతుంది. ప్రోగ్రాము కొత్త వెర్షన్ వేసిన రోజున గుమాస్తా పెట్టెను చూసి, ఎందుకొచ్చిన గొడవ అని క్యాన్సిల్ నొక్కాడు. గోడౌన్ కంప్యూటర్‌కు కనెక్షన్ తెగిపోయింది. పిలిపించిన మెకానిక్ ఆ ప్రోగ్రాముకు అనుమతి రూల్ ఒకటి కొత్తగా పెట్టాడు, పని కాలేదు. పోర్టు నంబరుతో మరొకటి పెట్టాడు, అదీ కాలేదు. చివరికి ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆపేసి, ఇప్పుడు వస్తోంది చూడండి అని చెప్పి వెళ్లిపోయాడు. మూడు వారాలు ఆ కంప్యూటర్ తలుపులు బార్లా తెరుచుకునే ఉంది.

నేను వెళ్లి చూసేసరికి విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండోలో, లోపలికి వచ్చే రూళ్ల జాబితాలో, ఆ ప్రోగ్రాము పేరుతో నాలుగు వరుసలు కనిపించాయి. రెండు ఆకుపచ్చ టిక్కులు మెకానిక్ పెట్టినవి. మిగిలిన రెండింటి పక్కన ఎర్రటి అడ్డగీత గుర్తు: ఒకటి టీసీపీకి, ఒకటి యూడీపీకి (నెట్‌వర్క్‌లో సమాచారం పంపే రెండు పద్ధతులివి). గుమాస్తా నొక్కిన క్యాన్సిల్ వదిలి వెళ్లిన ముద్రలు అవి. క్యాన్సిల్ అంటే తర్వాత చూద్దామని కాదు, నిరోధించమని. పైగా విండోస్ ఫైర్‌వాల్‌లో ఒకే విషయానికి అనుమతీ నిరోధమూ రెండూ ఉంటే నిరోధమే గెలుస్తుంది, అనుమతులు ఎన్ని ఉన్నా సరే. ఎర్ర వరుసలు రెండూ తొలగించి, మెకానిక్ పెట్టినవి కూడా తీసేసి, ఫైర్‌వాల్‌ను మళ్లీ ఆన్ చేసి ప్రోగ్రామును తెరిస్తే పెట్టె తిరిగి వచ్చింది. ప్రైవేట్‌కు టిక్ పెట్టాం. ఐదు నిమిషాల పని. పాత రూల్ ఉన్నంతకాలం విండోస్ మళ్లీ అడగదన్న సంగతి తెలియకపోవడమే అంత తిప్పలకు మూలం.

దీనికి తోడు, అడ్మిన్ హక్కులు (సెట్టింగులు మార్చే పూర్తి అధికారం) లేని అకౌంట్‌తో లాగిన్ అయినవారికి విండోస్ సాధారణంగా ఆ పెట్టెను చూపించనే చూపించదు, చప్పుడు లేకుండా నిరోధ రూల్ రాసుకుంటుంది. పిల్లల అకౌంట్‌లో ఆటలు తోటివారితో కలవడం లేదంటే అక్కడ వెతకండి. అలాగే అడ్మిన్ హక్కులతో నడిచే ఇన్‌స్టాలర్లు చాలావరకు తమకు కావలసిన అనుమతిని తామే రాసుకుంటాయి, అప్పుడూ మనల్ని ఎవరూ అడగరు. ఏడాదికి ఒకసారైనా ఆ జాబితా తెరిచి, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లతో మిగిలిపోయిన వరుసలను తొలగించడం మంచిది.

రెండో మార్గం, అదే విండోస్ ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లేదాన్ని కూడా మొత్తంగా నిరోధించి, కావలసిన ప్రోగ్రాములకు చేత్తో ఒక్కొక్క రూల్ రాసుకోవడం. దీనికి కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు, డబ్బు ఖర్చు లేదు, నాలుగు గడులూ మీ చేతికి వస్తాయి. అయినా దీన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. బయటికి వెళ్లే విషయంలో విండోస్ ఎన్నడూ పెట్టె చూపించి అడగదు, పని ఆగిపోతుందంతే. ఏది ఆగిందో తెలుసుకోవాలంటే లాగ్ అనే నమోదు ఫైలును ఆన్ చేసుకుని, తేదీలు, అంకెలు, ఐపీ అడ్రసులతో నిండిన ఫైలును చదవాలి, అందులోనూ ప్రోగ్రాము పేరు ఉండదు. బ్రౌజర్‌కు టీసీపీలో 80, 443 పోర్టులు ఇచ్చి, యూడీపీ 443 మరిచిపోతే కొన్ని సైట్లు ఎందుకు తడబడుతున్నాయో అర్థం కాక తల పట్టుకుంటారు. బిల్లింగ్ కౌంటర్ వంటి, ఏళ్ల తరబడి రెండు మూడు ప్రోగ్రాములే నడిచే కంప్యూటర్‌కు మాత్రం ఇది నిజంగా బాగుంటుంది.

మూడో మార్గం, విండోస్‌లో ఉన్న వడపోత యంత్రాంగాన్నే ఉపయోగించుకుంటూ, ఆ పనిని మనిషి చేయగలిగేలా మార్చే చిన్న ప్రోగ్రాములు. వీటిలో మూడింటిని పోల్చవచ్చు: విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్, సింపుల్‌వాల్, టైనీవాల్. మూడూ ఉచితమే. పైకి ఒకే పని చేస్తున్నట్టు కనిపించినా, ప్రశ్న అడగాలా వద్దా అన్న దగ్గర ఇవి విడిపోతాయి. ఎంచుకునేవారు చూడవలసినది కూడా ఆ ఒక్క తేడానే.

విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ 2018లో మాల్వేర్‌బైట్స్ సొంతమైంది. ఇది విండోస్ ఫైర్‌వాల్ రూళ్లనే రాస్తుంది, అందువల్ల రేపు దీన్ని వద్దనుకున్నా మీ రూళ్లు మీకు కనిపించే చోటే ఉంటాయి. దీని మీడియం స్థాయిలో రూల్ లేని ప్రతి ప్రోగ్రామూ బయటికి వెళ్లబోయి ఆగిపోతుంది, ఆ ఆగిన ప్రోగ్రాము పేరు, అది ఉన్న ఫోల్డర్, సంతకం చేసిన సంస్థ, వెళ్లబోయిన అడ్రసు, అన్నీ ఒక పెట్టెలో కనిపిస్తాయి. లెర్నింగ్ స్థితిలో పెడితే డిజిటల్ సంతకం (తయారుచేసిన సంస్థ ఏదో నిర్ధారించే గుర్తు) ఉన్న ప్రోగ్రాములను తానే అనుమతించి, లేనివాటి గురించే అడుగుతుంది. మొదటి వారం లెర్నింగ్‌లో ఉంచి, తర్వాత అడిగే స్థితికి మార్చుకోవడం తెలివైన పద్ధతి. దీని మరో సుగుణం, కొత్త ప్రోగ్రాములు తమంతట తాము రాసుకునే రూళ్లను గమనించి పనిచేయకుండా ఆపగల సెక్యూర్ రూల్స్ అనే ఏర్పాటు. ఇన్‌స్టాలర్ల గురించి పైన చెప్పిన బెడదకు నేరుగా జవాబు ఇది.

సింపుల్‌వాల్ ఓపెన్ సోర్స్. ఇది విండోస్ ఫైర్‌వాల్ రూళ్ల జోలికి పోకుండా, దాని కిందనున్న వడపోత పొరతో నేరుగా మాట్లాడుతుంది. చాలా తేలికైనది, ప్రోగ్రాముల జాబితా, పక్కన టిక్ గడి, అంతే. తమ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాముల పేర్లు ఇప్పటికే తెలిసినవారికి ఇది హాయిగా ఉంటుంది. ఎస్‌వీసీహోస్ట్ అన్న విండోస్ సొంత ప్రోగ్రాము పేరు చూసి ఇదేం వైరసో అని బెదిరేవారికి కాదు.

టైనీవాల్ దారి వేరు. అది అసలు అడగదు. అనుమతి జాబితాలో లేనిదాన్ని మౌనంగా ఆపుతుంది; మీకు ఒక ప్రోగ్రాము కావాలంటే మీరే గడియారం పక్కనున్న గుర్తు దగ్గరికి వెళ్లి, ఫైలును గాని, నడుస్తున్న ప్రాసెస్‌ను గాని, లేదా తెర మీది కిటికీని నేరుగా నొక్కి గాని దాన్ని జాబితాలో చేర్చాలి. మొదటి రోజుల్లో ఆటోలెర్న్‌లో ఉంచవచ్చు గాని, ఆ సమయంలో నడిచిన ప్రతిదానికీ అనుమతి దొరుకుతుంది కాబట్టి కంప్యూటర్ శుభ్రంగా ఉందన్న నమ్మకం ఉన్నప్పుడే ఆ పని చేయాలి. దీనికి పాస్‌వర్డ్‌తో తాళం వేయవచ్చు. ఆ తాళం విలువ కొద్దిసేపట్లో తెలుస్తుంది.

అడిగే పద్ధతిలో ఉన్న చిక్కు మనిషి అలసట. మొదటి రోజు ఇరవై పెట్టెలకు శ్రద్ధగా జవాబు చెప్పినవారు మూడో రోజు చూడకుండానే అనుమతి నొక్కుతారు, అప్పుడు ఆ ఫైర్‌వాల్ ఉన్నా లేనట్టే. అడగని పద్ధతిలో చిక్కు మరోలా ఉంటుంది. కొన్ని చాట్ ప్రోగ్రాములు యూజర్ ఫోల్డర్‌లో, ప్రతి అప్‌డేట్‌కూ వెర్షన్ నంబరుతో కొత్త ఫోల్డర్ చేసుకుని అందులోకి మారిపోతాయి. అనుమతి ఫైలు ఉన్న చిరునామాకు ఇచ్చినది కాబట్టి, ఇల్లు మారిన ప్రోగ్రాముకు పాత అనుమతి చెల్లదు. అడిగే ఫైర్‌వాల్ అయితే మళ్లీ అడుగుతుంది, విసుగే తప్ప పని ఆగదు. అడగనిదైతే ఒక ఉదయం ఆ ప్రోగ్రాము కారణం చెప్పకుండా మూగబోతుంది. అడిగే పద్ధతిని ఎంచుకున్నవారు పెట్టెలో ముందుగా ఫోల్డర్ చూడాలి: ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే ఒక లెక్క, టెంప్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంటే మరో లెక్క. ఆ క్షణాన మీరే ఏదైనా తెరిచారా అన్నది కూడా చూడాలి. మీరు చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చిన ప్రశ్నకు అనుమానంతోనే జవాబు చెప్పండి.

నాలుగో మార్గం, కొమోడో, జోన్‌అలార్మ్ వంటి పూర్తిస్థాయి ఫైర్‌వాళ్లు, లేదా యాంటీవైరస్ ప్యాకేజీలో కలిసి వచ్చేవి. వీటిలో నాలుగు గడులతో పాటు, ఏ ప్రోగ్రాము ఏ ఫైలును తాకుతోంది, ఏది మరొకదాన్ని నడుపుతోంది అన్న కాపలా కూడా ఉంటుంది. కొమోడో సేఫ్ మోడ్‌లో తనకు తెలిసిన ప్రోగ్రాముల గురించి అడగదు, కస్టమ్ రూల్‌సెట్‌లో అన్నిటి గురించీ అడుగుతుంది. నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి మంచి పాఠశాల. పని చేసుకునే కంప్యూటర్‌కు బరువు. యాంటీవైరస్ కొన్నందువల్ల దాని ఫైర్‌వాల్ వచ్చిందంటే అది విండోస్‌దాన్ని పక్కకు తప్పిస్తుంది కాబట్టి, అనుమతుల కోసం ఇక ఆ యాంటీవైరస్ లోపలే వెతకాలి. రెండు ఫైర్‌వాళ్లను ఒకేసారి నడపడం రెట్టింపు రక్షణ కాదు, రెట్టింపు తికమక.

ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చేవారు కొందరు, డేటా ఎవరు తింటున్నారో తెలుసుకోవడానికి ఫైర్‌వాల్ వెతుక్కుంటారు. వారికి కావలసినది మొదట లెక్క, తర్వాతే తాళం. విండోస్ సెట్టింగ్స్‌లోని డేటా యూసేజ్ పేజీ ప్రోగ్రాముల వారీగా లెక్క చూపిస్తుంది. ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) గుర్తిస్తే చాలా అప్‌డేట్లు వాటంతట అవే వాయిదా పడతాయి. అదీ చాలకపోతే గ్లాస్‌వైర్ అనే ప్రోగ్రాము గీతల బొమ్మతో ఏ నిమిషంలో ఏ ప్రోగ్రాము ఎంత వాడిందో చూపిస్తుంది, అక్కడే ఆపవచ్చు కూడా.

బయటికి వెళ్లేదాన్ని అదుపు చేయడం వల్ల దొరికే రక్షణకు హద్దు ఉంది, అది తెలిసే ఎంచుకోవాలి. దుష్ట ప్రోగ్రాము అడ్మిన్ హక్కులు సంపాదిస్తే రూళ్లను తానే మార్చుకోగలదు. లేదా ఇప్పటికే అనుమతి ఉన్న బ్రౌజర్ భుజం మీద ఎక్కి వెళ్లిపోగలదు. ఎస్‌వీసీహోస్ట్ అన్న ఒకే పేరు కింద విండోస్ సర్వీసులు డజన్ల కొద్దీ నడుస్తాయి, అప్‌డేట్ల కోసం దానికి అనుమతి ఇవ్వక తప్పదు, ఇచ్చాక సర్వీసు వారీగా విడదీయకపోతే అది పెద్ద గేటే.

మరో చోట మాత్రం ఈ అదుపు నిజంగా అక్కరకొస్తుంది. పోలీసులమనో బ్యాంకు వారమనో ఫోన్ చేసి, పెద్దవాళ్ల చేత దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామును వేయించి డబ్బు లాగే మోసాల గురించి మన ఊళ్లలో వినని ఇల్లు లేదు. ఆ ప్రోగ్రాములు మామూలుగా సక్రమమైనవే. అవి తమ సంస్థ సర్వర్‌కు తామే బయటికి కనెక్ట్ అవుతాయి, మోసగాడు అటువైపు నుంచి ఆ సర్వర్ ద్వారానే కలుస్తాడు. అంటే విండోస్ వాచ్‌మన్ దృష్టిలో ఇంట్లోవాళ్లే బయటికి వెళ్లారు, అడగడానికి ఏమీ లేదు. పెట్టె చూపించి అడిగే ఫైర్‌వాల్ కూడా ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే ఫోన్‌లో ఉన్నవాడే ‘అలావ్ నొక్కండి సార్’ అంటాడు. అడగకుండా ఆపేది, పాస్‌వర్డ్ తెలిస్తే తప్ప కొత్త ప్రోగ్రామును చేర్చనివ్వనిది అయితే, అమ్మానాన్నలు ముందు మీకు ఫోన్ చేయవలసి వస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్ల ల్యాప్‌టాప్‌లో టైనీవాల్ వేసి, పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకున్నది అందుకే. నెలకు ఒకసారి ఏదో ఒకటి పని చేయడం లేదన్న ఫోన్ వస్తుంది, ఆ మాత్రం భరించవచ్చు.

మ్యాక్ వాడేవారికి ఒక్క మాట: అందులోని సొంత ఫైర్‌వాల్ కూడా లోపలికి వచ్చేదాన్నే చూస్తుంది. బయటికి వెళ్లేదాని కోసం డబ్బు పెట్టి కొనే లిటిల్ స్నిచ్, ఉచితంగా దొరికే లులు ఉన్నాయి. రెండూ అడిగే రకమే.

కాబట్టి ఎంపికను ప్రోగ్రాముల గొప్పతనం బట్టి కాక, కీబోర్డు ముందు కూర్చునేది ఎవరో దాన్ని బట్టి చేసుకోమంటాను. ప్రశ్న వస్తే చదివి జవాబు చెప్పే ఓపిక మీకుంటే విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్; కూర్చునేది వేరొకరైతే, మీరు ఫోన్‌లో అందుబాటులో ఉండగలిగితే, తాళం వేసిన టైనీవాల్; ఈ రెండూ కాని సాధారణ గృహానికి విండోస్‌దే, నెట్‌వర్క్ రకం సరిచూసి. ఏది మొదలుపెట్టే ముందైనా అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండోలో ఎక్స్‌పోర్ట్ పాలసీ అన్నదాన్ని నొక్కితే ఇప్పటి రూళ్లన్నీ ఒక్క ఫైలుగా వస్తాయి. దాని పేరులో తేదీ రాసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. విండోస్ రూళ్లు ఎక్కడైనా చిక్కుబడితే అదే చోట ఇంపోర్ట్ నొక్కి ఆ ఫైలు చూపిస్తే చాలు, ఆ తేదీనాటి రూళ్లు తిరిగి వస్తాయి.